మొదటి సహరీ నుంచి ఈద్ నమాజు దాకా: కొత్తగా రోజా ఉండేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. గుంటూరు వైపు నూర్‌బాషా ముస్లింల ఇళ్లలో చాలావరకు అంతే. మా నాయనమ్మకి ఉర్దూ రాదు. అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదివేది. రంజాన్‌లో రోజాకి, అంటే ఉపవాసానికి, ముందు తెల్లవారుజామున తినే సహరీ అయ్యాక చేతులు కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, "ఈ వేళ రోజా నీ కోసం ఉంటున్నా అల్లా, నువ్వే నిలబెట్టు" అనేది. అరబ్బీలో చదవాల్సిన నియ్యత్ నాయనమ్మకి రాదు కాబట్టి అలా సరిపెట్టుకుంటోందని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. నియ్యత్ అంటే మనసులో చేసుకునే సంకల్పమేనని, ఆవిడ చేసిందే సరైన నియ్యత్ అని పెద్దయ్యాక తెలిసింది.

ఇలాంటి సందేహాలు ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మొదటి రోజా పట్టే పిల్లలు, విజయవాడలో గదులు తీసుకుని చదువుకునే కుర్రాళ్లు, పక్కింటి హిందూ స్నేహితులు కూడా అడుగుతారు. వాళ్లందరికీ పనికొచ్చేలా మొదటి నుంచి పండుగ దాకా వరుసగా రాస్తున్నాను. మన దగ్గర ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతినే చెబుతున్నాను. మీ మసీదులో వేరే పద్ధతి ఉంటే మీ ఇమాము గారు చెప్పినట్టు చేయండి.

ముందు ఎందుకో తెలుసుకోండి

ఉపవాసాలు ఎందుకో ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) 183వ వాక్యం చెబుతుంది. మీకు ముందటివాళ్లకి విధించినట్టే మీకూ ఉపవాసం విధించాం, మీలో తఖ్వా కలగాలని, అని దాని సారాంశం. హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) రెండో ఏట, అంటే క్రీ.శ. 624 ప్రాంతంలో, మదీనాలో ఇది విధి అయింది. తఖ్వాని తెలుగులో భయభక్తులు అంటారు. నాకు ఆ మాట కన్నా ఒక దృశ్యం బాగా అర్థమవుతుంది. మధ్యాహ్నం మూడింటికి వజూ (నమాజుకి ముందు కడుక్కోవడం) కోసం కుళాయి దగ్గర వంగుతారు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తారు. తలుపు వేసుంది, చూసేవాళ్లు లేరు. ఒక్క గుక్క మింగితే ఎవరికీ తెలియదు. నాలుక చల్లబడుతుంది, గొంతు అడుగుతూనే ఉంటుంది. అయినా ఆ నీళ్లు బయటికి ఊసేస్తారు. ఎవరూ చూడని చోట ఆయన చూస్తున్నాడన్న ఆ ఎరుకే తఖ్వా.

ఆ ఎరుక నీళ్ల దగ్గరే ఆగిపోకూడదు. అబద్ధం చెప్పడం, దాని ప్రకారం నడుచుకోవడం మాననివాడు తిండీ నీళ్లూ మానేయడం అల్లాహ్‌కి అవసరం లేదని ప్రవక్త ముహమ్మద్ (స) అన్నారు. ఈ హదీసు (ప్రవక్త మాట) నాకు అనుభవంలోకి వచ్చింది 2018లో. ఆ ఏడు రంజాన్ మే ఎండల్లో మొదలై, జూన్ 16న పండుగ వచ్చింది. సాయంత్రం ఇఫ్తార్‌కి పళ్లు కొనడానికి నాన్నతో వెళ్లాను. తల పగిలిపోతోంది. తోపుడు బండి ఆయన పది రూపాయలు ఎక్కువ చెప్పాడని నోటికొచ్చినట్టు అరిచాను. నాన్న ఏమీ అనకుండా డబ్బులిచ్చి, దారిలో అడిగారు: "పొద్దున్నుంచి కాపాడుకున్న రోజాని పది రూపాయలకి అమ్మేశావా నాయనా?" ఇంటికి చేరేదాకా నేను తల ఎత్తలేదు. మర్నాడు వెళ్లి ఆ బండాయనకి క్షమాపణ చెప్పాను. ఎవరైనా గొడవకి వస్తే "నేను రోజా ఉన్నాను" అని చెప్పి తప్పుకోమని ప్రవక్త నేర్పారు. ఆ మాట ముందే బట్టీ పట్టి ఉంచుకోండి, పనికొస్తుంది.

రంజాన్‌కి ముందే చేయాల్సినవి

రంజాన్‌కి ముందు వచ్చే షాబాన్ నెలలోనే మొదలుపెట్టాలి. రోజుకి నాలుగైదు టీలు తాగే అలవాటుంటే వారం పది రోజుల ముందు నుంచి ఒక్కొక్కటే తగ్గించుకుంటూ రండి. మొదటి మూడు రోజాల్లో వచ్చే తలనొప్పి చాలామందికి ఆకలి వల్ల కాదు, టీ మానేయడం వల్ల. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ముందుగానే డాక్టర్ని కలిసి మందుల వేళలు మార్పించుకోండి. పోయిన ఏటి రోజాలు బాకీ ఉంటే షాబాన్ అయిపోకముందే తీర్చేయండి.

సహరీ, ఇఫ్తార్ సమయాల కార్డు మీ ఊరిదే తీసుకోండి. ఈ చిన్న విషయంలో చాలామంది పొరపాటు పడతారు. గుంటూరుకీ విజయవాడకీ ఒక నిమిషం లోపే తేడా, ఒకే కార్డు నడుస్తుంది. హైదరాబాద్ మనకి పడమరన ఉంది కాబట్టి అక్కడ తెల్లవారడమూ పొద్దుగూకడమూ దాదాపు ఎనిమిది నిమిషాలు ఆలస్యం. బంధువులు ఫోన్లో పంపిన హైదరాబాద్ కార్డు చూసి ఇక్కడ సహరీ తింటూ కూర్చుంటే, ఫజర్ (తెల్లవారుజామున నమాజు) వేళ అయ్యాక తిన్నట్టే. ఆ రోజా చెల్లదు.

నెల మొదలయ్యేది నెలవంకతో. షాబాన్ 29 సాయంత్రం కనిపిస్తే మర్నాడే రోజా, లేకపోతే 30 పూర్తిచేసి ఆపైన. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. అందుకే మన దగ్గర చలికాలం రోజా పన్నెండున్నర గంటల్లోపే అయిపోతుంది, మే నెలాఖరులో మాత్రం 14 గంటలు దాటుతుంది.

సహరీ

సహరీ మానేయకండి. అందులో బర్కత్ (శుభం) ఉందని ప్రవక్త మాట. నిద్ర పాడవుతుందని రాత్రి పదకొండింటికే తినేసి పడుకునే కుర్రాళ్లని చూశాను, మధ్యాహ్నానికి వాళ్లు తరగతిలో తల వాల్చేస్తారు. ఫజర్‌కి గంట ముందు లేచి, నెమ్మదిగా తిని, ఐదు పది నిమిషాల ముందు ముగించండి.

ఏం తినాలి? గుంటూరు వాళ్లకి ఒకటే చెబుతాను: ఆ పూట ఆవకాయ, గోంగూర పచ్చడి, మిరపకాయ బజ్జీ జోలికి వెళ్లకండి. ఉప్పూ కారం ఎక్కువైతే పది గంటలకల్లా నాలుక పిడచకట్టుకుపోతుంది. ముద్దపప్పు, పెరుగన్నం, జొన్నరొట్టె, ఉడికించిన గుడ్డు, అరటిపండు చాలు. మా ఇంట్లో పెరుగన్నంలో ఉల్లిపాయ ముక్కలు, కాస్త జీలకర్ర పొడి వేసుకుంటాం. నీళ్లు చివరి నిమిషంలో చెంబెడు గుటగుటా తాగితే నిలవవు. రాత్రి ఇఫ్తార్ నుంచి కొంచెం కొంచెంగా తాగుతూ రావాలి.

తిన్నాక నియ్యత్. నాయనమ్మలా తెలుగులో అనుకున్నా చాలు, ఏమీ అనకుండా రోజా కోసమని లేచి తిన్నా చాలు. నిద్రపట్టేసి సహరీ దాటిపోయిందనుకోండి, తెల్లవారాక ఏమీ తినకుండా తాగకుండా ఉంటే, ఫజర్ నుంచి పొద్దుగూకే దాకా ఉన్న సమయంలో సగం కాకముందే నియ్యత్ చేసుకున్నా రంజాన్ రోజా చెల్లుతుంది.

పగలంతా

మరిచిపోయి తిన్నా, తాగినా రోజా పోదు. గుర్తొచ్చిన క్షణంలో నోట్లోది ఊసేసి కొనసాగించాలి. అల్లాహే తినిపించాడు, తాగించాడు అని ప్రవక్త చెప్పారు. స్నానం, మిస్వాక్ (పళ్లు తోముకునే పుల్ల), కళ్లకి సుర్మా, ఉమ్ము మింగడం, రక్తపరీక్ష, వాటంతట అవే వచ్చే వాంతులు, వీటితో రోజాకి ఇబ్బంది లేదు. కావాలని తినడం, తాగడం, సిగరెట్, భార్యాభర్తల కలయిక రోజాని భంగపరుస్తాయి. ఏ కారణమూ లేకుండా రంజాన్ రోజాని అలా తెంచేస్తే ఆ రోజాకి బదులు ఇంకొకటి, దాంతోపాటు ప్రాయశ్చిత్తంగా వరుసగా 60 రోజాలు ఉండాలి. దీని బరువు పిల్లలకి ముందే చెప్పండి. ఇన్‌హేలర్లు, సెలైన్లు, కంటి చుక్కల గురించి మీ మసీదులో పేరు పేరునా అడిగి తెలుసుకోండి, ఒకదాని జవాబు ఇంకోదానికి పనికిరాదు.

రోజా ఉండక్కర్లేనివాళ్లు ఎవరన్నది కూడా ఖురానే చెప్పింది. జబ్బుపడ్డవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు వేరే రోజుల్లో పూర్తిచేసుకోవచ్చు. "అల్లాహ్ మీకు సులువునే కోరుతున్నాడు, కష్టాన్ని కాదు" అని అదే చోట ఉంది. ప్రయాణం అంటే హనఫీ లెక్కలో సుమారు 77 కిలోమీటర్లు దాటాలి. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే ముప్పై ఐదు కిలోమీటర్లు ఆ లెక్కలోకి రావు. హైదరాబాద్ బస్సెక్కితే వస్తాయి. నెలసరి, పురిటి రోజుల్లో ఆడవాళ్లు రోజా ఉండకూడదు, తర్వాత ఆ రోజాలు కట్టుకోవాలి. ఆ రోజుల నమాజులు మాత్రం తిరిగి చదవక్కర్లేదు. ఇళ్లల్లో ఆడపిల్లలు ఆ నాలుగు రోజులూ మగవాళ్ల ముందు సిగ్గుపడి ఆకలితో ఉండిపోతుంటారు. దయచేసి అలా ఉండనివ్వకండి. తల్లులు, వదినలు వాళ్లని వంటింట్లోకి పిలిచి కడుపునిండా పెట్టండి, అది దేవుడిచ్చిన వెసులుబాటు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమకో బిడ్డకో ప్రమాదమనుకుంటే వాయిదా వేసుకోవచ్చు. ఇక ఎప్పటికీ ఉండలేని ముసలివాళ్లు, తగ్గని జబ్బున్నవాళ్లు రోజాకి ఒక పేదవాడికి అన్నం పెట్టాలి. దాన్ని ఫిద్యా అంటారు.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా పోదు, కాబట్టి టెన్షన్ పడకుండా చూసుకోండి. 70 కన్నా తగ్గితే వెంటనే ఏదైనా తీపి తిని రోజా విప్పేయండి. ఇఫ్తార్‌కి ఇంకో గంటే ఉంది కదా అని బిగపట్టుకుని కూర్చోవడం భక్తి కాదు. ప్రాణం ఆయనదే.

ఇఫ్తార్

పొద్దుగూకిందని రూఢి కాగానే ఆలస్యం చేయకూడదు. త్వరగా ఇఫ్తార్ చేసినంతకాలం జనం మేలులో ఉంటారని హదీసు. పచ్చి ఖర్జూరం, లేకపోతే ఎండుది, అదీ లేకపోతే నీళ్లు. ప్రవక్త పద్ధతి ఇంతే.

అజాన్‌కి ముందు ఆ రెండు నిమిషాలు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) పరిచి ఉంటుంది, ముందు పళ్లెంలో పుచ్చకాయ ముక్కలు, పక్కన గ్లాసు. ఖర్జూరం వేళ్ల మధ్య జిగటగా అంటుకుంటుంది. అజాన్ మొదటి మాట వినగానే బిస్మిల్లా అని కొరికితే ముందు తీపి కూడా తెలియదు. ఎండిన నోట్లో అది మెత్తబడి, లాలాజలం ఊరాకే తీపి మెల్లగా దవడల్లోకి దిగుతుంది. గింజ పక్కన పెట్టి ఒక్క గుక్క నీళ్లు. ఇఫ్తార్ అప్పుడు ప్రవక్త అన్న ఒక దువా (ప్రార్థన) తాత్పర్యం ఇది: దాహం తీరింది, నరాలు తడిశాయి, అల్లాహ్ తలిస్తే ప్రతిఫలం ఖాయమైంది. నరాలు తడవడం అనే మాట ఎంత నిజమో రోజా ఉన్నవాడికే తెలుస్తుంది.

వెంటనే బజ్జీలు, సమోసాల మీద పడకండి. ఖర్జూరం, నీళ్లు, కొంచెం పండు తిని మగ్రిబ్ నమాజు చదువుకుని వచ్చి, అప్పుడు భోంచేయండి. బియ్యం, పెసరపప్పు, వెల్లుల్లి, మెంతులు వేసి జావగా కాచిన గంజి అన్నిటికన్నా కడుపుకి హాయి. ఇంటి ఇఫ్తార్‌లో ఒక పళ్లెం బయటివాళ్లకి పక్కన పెట్టండి. ఇంకొకరి చేత ఇఫ్తార్ చేయిస్తే ఆ రోజా ఉన్నవాడికి వచ్చేంత పుణ్యం మీకూ వస్తుంది, అతనిదేమీ తగ్గదు. వాచ్‌మన్ గానీ హాస్టల్లో ఒంటరిగా ఉన్న కుర్రాడు గానీ ఎవరో ఒకరు మీ చుట్టూ ఉండనే ఉంటారు.

రాత్రి ఇషా నమాజు తర్వాత తరావీహ్, అంటే రంజాన్ రాత్రుల్లో చదివే అదనపు నమాజు. చాలా మసీదుల్లో 20 రకాతులు (నమాజులో ఒక్కో ఆవృత్తి), కొన్నిచోట్ల 8. మొదటి ఏడాది అన్నీ నిలబడి చదవలేకపోతే కూర్చుని చదవండి, మానేయకండి. చివరి పది రోజుల్లో బేసి రాత్రుల్లో ప్రవక్త ఘనమైన రాత్రి లైలతుల్ ఖద్ర్‌ని వెతుక్కోమన్నారు. అది వెయ్యి నెలల కన్నా మేలైనదని ఖురాన్ 97వ సూరా చెబుతుంది. 27వ రాత్రి ఒక్కటే మేలుకుని మిగతావి నిద్రపోవడం మన అలవాటు, కానీ ఐదు బేసి రాత్రులూ కాసేపైనా కూర్చోవడం మంచిది.

పండుగ కన్నా ముందు ఇంకొకరి వాటా

అన్నిటికన్నా ఎక్కువ మనసు పెట్టాల్సింది ఇక్కడే అని నా నమ్మకం. నెలంతా ఆకలి తెలిసింది కదా, ఆ తెలిసిన దానికి ఇప్పుడు లెక్క కట్టాలి.

మొదటిది జకాత్, సొమ్ము ఉన్నవాళ్లు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం. అప్పులు తీసేయగా 612 గ్రాముల వెండి విలువ చేసే సొమ్ము మీ దగ్గరుండి, దానికి హిజ్రీ లెక్కన ఏడాది నిండితే నూటికి రెండున్నర ఇవ్వాలి. లక్షకి 2,500 రూపాయలు. బ్యాంకులో డబ్బు, నగలు, షాపులో సరుకు, రావాల్సిన బాకీలు ఒక కాగితం మీద రాసుకుని కూడండి. ఉండే ఇల్లు, తిరిగే బండి లెక్కలోకి రావు. ఇది రంజాన్‌లోనే ఇవ్వాలని నియమం లేదు గానీ పుణ్యం ఎక్కువని ఈ నెలలోనే తీస్తారు.

రెండోది ఫిత్రా, రంజాన్ పండుగ ముందు ఇచ్చే దానం. అంత స్తోమత ఉన్న ఇంటిపెద్ద తన తరఫున, తన చిన్నపిల్లల తరఫున తలకింత ఇవ్వాలి. పండుగ తెల్లవారుజామున పుట్టిన బిడ్డ ఉన్నా సరే. గోధుమలైతే తలకి సుమారు కిలో ముప్పావు. ఖర్జూరం, ఎండుద్రాక్ష, బార్లీ అయితే దానికి రెట్టింపు. ఏటా మసీదుల్లో గోధుమ ధర ప్రకటిస్తారు, అందరం అదే ఇచ్చేసి ఊరుకుంటాం. ఒక్కసారి లెక్క చూడండి. గోధుమలు కిలో 40 రూపాయలనుకుంటే తలకి 70. ఖర్జూరం కిలో 300 అనుకుంటే మూడున్నర కిలోలకి 1,050. నలుగురున్న ఇంట్లో అది 280కీ 4,200కీ ఉన్న తేడా. పిల్లల బట్టలకి వేలు పెట్టగలిగినవాళ్లు ఖర్జూరం లెక్కన ఇవ్వండి. గోధుమ లెక్క చేతిలో ఆడనివాళ్ల కోసం ఉంది.

ఫిత్రా ఈద్ నమాజుకి వెళ్లేలోపు అందాలి. అసలు ఇంకా ముందే, 25, 26 రోజాలకే ఇచ్చేయడం నయం. అప్పుడైతే తీసుకున్నవాళ్లు సేమియా, పిల్లలకి చొక్కా కొనుక్కోగలరు. పండుగ పొద్దున్న చేతిలో పడ్డ నోటుతో ఏం కొంటారు? అమ్మానాన్నలకి, కన్నపిల్లలకి జకాత్, ఫిత్రా చెల్లవు. కష్టంలో ఉన్న అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి, మేనత్తలకి ఇవ్వొచ్చు, ఇవ్వడమే మేలు కూడా. జకాత్ అని చెప్పక్కర్లేదు. మా మేనత్తకి నాన్న ఎప్పుడూ "పిల్లలకి ఈదీ (పండుగ కానుక)" అని చెప్పి కవరు ఇచ్చేవారు.

పండుగ రోజు

నెలవంక కనబడ్డాక తక్బీర్ (అల్లాహు అక్బర్ అనడం) మొదలుపెట్టండి. ఆ రాత్రంతా బజార్లలోనే గడిచిపోకుండా చూసుకోండి.

ఈద్‌నాడు రోజా ఉండటం నిషిద్ధం. నెలంతా తినకపోవడం ఎలా ఆజ్ఞో, ఈ పొద్దున్న తినడం అలా ఆజ్ఞ. పొద్దున్నే తలస్నానం, మిస్వాక్, ఉన్నవాటిలో మంచి బట్టలు (కొత్తవే కానక్కర్లేదు), అత్తరు. బేసి సంఖ్యలో ఖర్జూరాలు తిని ఈద్గాకి బయల్దేరండి. వీలైతే నడిచి వెళ్లండి. ఒక దారిన వెళ్లి ఇంకో దారిన తిరిగి రావడం సున్నత్, అంటే ప్రవక్త పద్ధతి.

ఈద్ నమాజు రెండు రకాతులు. అజాన్ ఉండదు, ఇఖామత్ (నమాజు మొదలవుతోందని చెప్పే పిలుపు) ఉండదు. కొత్తవాళ్లు తడబడేది అదనపు తక్బీర్ల దగ్గర. మొదటి రకాతులో చేతులు కట్టుకుని సనా (అల్లాహ్ స్తుతి) చదివాక ఇమాము మూడు తక్బీర్లు చెబుతారు. ప్రతిసారీ చేతులు చెవుల దాకా ఎత్తాలి. మొదటి రెండింటికీ చేతులు కిందికి వదిలేయాలి, మూడోదానికి కట్టుకోవాలి. ఆ తర్వాత సూరాల పఠనం. రెండో రకాతులో పఠనం ముందు, దాని తర్వాత మూడు తక్బీర్లు. మూడింటికీ చేతులు ఎత్తి వదిలేయాలి, నాలుగోది వినగానే చేతులు ఎత్తకుండా రుకూలోకి వంగాలి. ఖుత్బా (ఇమాము ప్రసంగం) నమాజు తర్వాత ఉంటుంది. నమాజు ముగిస్తూ సలాం తిప్పగానే చెప్పులు వెతుక్కుంటూ లేచిపోకండి, కూర్చుని వినండి. ఆ తర్వాతే ఆలింగనాలు, ఈద్ ముబారక్‌లు.

ఇంటికొచ్చేసరికి షీర్ ఖుర్మా సిద్ధంగా ఉండాలి. రెండు లీటర్ల పాలు సన్న మంట మీద మూడొంతులు అయ్యేదాకా మరగనివ్వండి. ఖర్జూరాలు రాత్రే నానబెట్టి, గింజ తీసి, సన్నగా కోసి నేతిలో ఒక్క నిమిషం వేయించాలి. అలా వేయించకుండా వేస్తే ఒక్కోసారి పాలు విరుగుతాయి. అదే నేతిలో బాదం, జీడిపప్పు, సారపప్పు, ఆఖరున దారంలాంటి సన్న సేమియా గుప్పెడు, వాసన వచ్చేదాకా. గుప్పెడంటే గుప్పెడే, ఎక్కువేస్తే గంటలో ముద్దయిపోతుంది. పాలలో సేమియా ఉడికాక చక్కెర, యాలకులు వేసి, దించేముందు పప్పులు, ఖర్జూరం కలపండి.

మొదటి గిన్నెలు ఇరుగుపొరుగుకి వెళ్లాలి. మాంసం తినని ఇళ్లకి వేరే గరిటె, వేరే గిన్నె వాడండి, ఆ సంగతి వాళ్లకి చెప్పండి కూడా. మా వీధిలో ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు, కాస్త చక్కెరో రెండు పళ్లో వేసి ఇస్తారు. సంక్రాంతికి అరిసెలతో వస్తుంది. హిందూ స్నేహితులు నన్ను అడుగుతుంటారు, మీ ముందు టీ తాగొచ్చా అని. తాగండి, మాకేం ఇబ్బంది లేదు. సాయంత్రం ఇఫ్తార్‌కి మాత్రం వచ్చి మా పక్కన కూర్చోండి.

రెండో పండుగ, మిగిలిన రోజాలు

మదీనావాళ్లకి ఆడిపాడుకునే రెండు రోజులు ఉండేవి. వాటి బదులు అల్లాహ్ ఇంతకన్నా మంచి రెండు రోజులు ఇచ్చాడని ప్రవక్త చెప్పారు. ఒకటి ఈ రంజాన్ ఈద్. రెండోది జుల్ హిజ్జా నెల 10న వచ్చే బక్రీద్, ఇబ్రాహీం ప్రవక్త త్యాగం గుర్తుగా. దాని ముందు రోజు, అరఫా రోజా, హజ్‌లో లేనివాళ్లకి ఎంతో పుణ్యం. ఆ పండుగకి నమాజు ముందు తినకుండా వెళ్లడం పద్ధతి. ఖుర్బానీ (జంతు బలి) 10, 11, 12 తేదీల్లో ఇవ్వొచ్చు. మాంసంలో ఒక వంతు పేదలకి, ఒక వంతు బంధుమిత్రులకి, ఒక వంతు ఇంటికి. పండుగ రోజు, ఆ తర్వాత మూడు రోజులు రోజా ఉండకూడదు.

రంజాన్ ఈద్ మర్నాటి నుంచి, రంజాన్ తర్వాతి నెల శవ్వాల్‌లో ఆరు రోజాలు ఉంటే ఏడాదంతా ఉన్నట్టు. వరుసగానే ఉండాలని లేదు, సోమ, గురువారాలు చూసుకుని ఉండొచ్చు. తప్పిపోయిన రోజాలు ఎన్నో వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. మా అమ్మ అలా గీతలు గీసి, ఒక్కొక్కటి తీర్చినప్పుడల్లా అడ్డంగా కొట్టేసేది. చలికాలం పగళ్లు పొట్టివి కాబట్టి ఆ గీతలు ఎక్కువగా డిసెంబర్‌లోనే తగ్గేవి.